తమ్ముడు నున్నగా చేసిన గోడ

“అయితే పెంకులు నెత్తిమీద పడేదాకా ఈ ఇంట్లోనే కూర్చో!”

“పడితే నా నెత్తిమీదే కదరా పడేది. నీకేం నొప్పి?”

“నాకేం నొప్పా? ఆస్పత్రికి మోసేదెవరు మరి? బావ దిగొస్తాడా పైనుంచి?”

“బతికున్నప్పుడే మంచినీళ్ళ బిందె మోయని మనిషి, ఇప్పుడొచ్చి నన్ను మోస్తాడా? నోరుమూసుకుని ఆ కుర్చీ దులుపు. ఆఫీసాయన వచ్చే వేళయింది,” అంది అక్క.

ఆఫీసాయన అప్పటికే వచ్చేశాడు. పిట్టగోడ అవతల నిలబడి, చెప్పులో దిగిన ముల్లు పీక్కుంటూ ఇదంతా వింటున్నాడు. పాత కట్టడాల్లో ఏది కాపాడదగ్గదో, ఏది కాదో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. ఏ ఇంటికెళ్ళినా ఇదే గోల. ఒకళ్ళు ఉంచుదామంటారు, ఒకళ్ళు కూలుద్దామంటారు, మధ్యలో ఈయన టేపు పట్టుకుని దొంగలా నిలబడాలి. పొలంగట్ల మీద నడిచొచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. వచ్చానని తెలియడానికి గట్టిగా దగ్గి లోపలికి అడుగుపెట్టాడు.

ఇల్లు అనడానికి మిగిలింది సగమే. పడమటివైపు గదులు మట్టిదిబ్బలై, వాటిమీద గడ్డి మొలిచింది. పశువుల కొట్టానికి కప్పు లేదు, స్తంభాలు మాత్రం నిలబడ్డాయి. నిలిచి ఉన్నవి ముందుగది, దాని వెనక ధాన్యం గది. అక్క ఆ ముందుగదిలోనే ఉంటుంది. రెండు గేదెలు, ఒక మంచం, ఒక పొయ్యి, అదీ ఆవిడ సంసారం.

ఈ ఇంట్లోనే పుట్టింది. పెళ్ళయి వెళ్ళింది, మొగుడు పోయాక తిరిగొచ్చింది. వచ్చేసరికి తల్లి లేదు, తమ్ముడింకా నిక్కర్ల వయసులో ఉన్నాడు. వాడికి తల దువ్వి బడికి పంపింది. బడి వాడి ఒంటికి పడలేదు, తాపీ పట్టుకున్నాడు. ఇప్పుడు పట్నంలో మేడలు కట్టే మేస్త్రి. ఏటా వానలకు ముందు అక్క కాలవ మట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, నిచ్చెనెక్కి గోడలన్నీ అరచేత్తో మెత్తేది. భుజం పట్టేశాక చెయ్యి పైకి లేవలేదు. రెండు వానాకాలాలు గోడలు మెత్తకుండా ఊరుకున్నారో లేదో, పడమటిభాగం చతికిలబడింది.

అక్కాతమ్ముళ్ళకి ఒక ఒప్పందం ఉంది. ఆఫీసాయన ఇల్లు కాపాడదగ్గదంటే దాని మీద చెయ్యి వేయడానికి లేదు, కప్పు ప్రభుత్వమే బాగుచేయిస్తుంది. కాదంటే ఈ వానలకు ముందే తమ్ముడు కూల్చేసి రేకుల షెడ్డు వేస్తాడు. అక్క కిక్కురుమనకూడదు.

“రండి సార్,” అన్నాడు తమ్ముడు. ఇందాక అరిచిన నోరు ఇదేనా అనిపించేంత మర్యాద. “ముందు ధాన్యం గది చూడండి.”

ఆఫీసాయనకీ కావలసింది అదే. అక్క పంపిన ఫొటో చూసే ఇంతదూరం వచ్చాడు. ధాన్యం గది గుమ్మం చుట్టూ లోపలివైపు మట్టితో తీర్చిన తీగ, ఆకుల మధ్య పిట్టలు. వాళ్ళ నాయనమ్మ చేత్తో తీర్చింది. అంత మంచి పని ఆయన మరెక్కడా చూడలేదు. ఫొటో బల్లమీద పెట్టుకుని, చాన్నాళ్ళ తర్వాత ఉద్యోగం మీద కాస్త ఇష్టం పుట్టి బయల్దేరాడు.

గదిలోకి వెళ్ళి, గుమ్మం వైపు తిరిగి ఆగిపోయాడు. నేల నుంచి కప్పుదాకా ఒకటే సిమెంటు గోడ. అద్దంలా ఉంది.

“ఎలా ఉంది సార్? వెంట్రుక దూరదు!” తమ్ముడు గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు. “మీరు చూడ్డానికొస్తుంటే ఆ పాత మట్టితో ఎలా ఉంచుతాం చెప్పండి? అక్క భుజం వైద్యానికని పట్నంలో మా ఇంట్లో ఉందా, పని మానుకొచ్చి నేనొక్కణ్ణే చేశాను. ఎగుడుదిగుళ్ళన్నీ చెక్కేసి, సిమెంటు పట్టాలని గోడంతా గంట్లు కొట్టి మరీ పూశాను. ఇక దీనికి చావు లేదు.”

ఆఫీసాయన వేలి కణుపుతో గోడను కొట్టాడు. బోలుగా మోగింది. అడుగున అప్పుడే చెమ్మ ఎక్కుతోంది. గీకి తీద్దామా అంటే, గంట్లు కొట్టిన గోడలో తీగా లేదు, పిట్టా లేదు. ఇంకేమైనా మిగిలిందా అని ఇల్లంతా తిరిగాడు. దూలాలు మామూలువి. పెంకులు తర్వాత వేసినవి. ఆ గుమ్మం తప్ప ఆ ఇంట్లో ఆయన ఆధారం చేసుకోగలిగింది ఇంకేదీ లేదు.

“మరి ఇందాకేమో కూలుద్దామని పోట్లాడావు, ఇంత కష్టం ఎందుకు పడ్డావయ్యా?” అని అడిగాడు.

“కూలిస్తే తను బతకదు సార్,” అన్నాడు తమ్ముడు, అక్కకి వినపడకుండా. “ఉండండి, టీ తెస్తాను.”

వాడు పొయ్యి దగ్గరికి వెళ్ళగానే అక్క ధాన్యం గదిలోకి వచ్చింది. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

“పోయినట్టేనా?”

ఆయన గుమ్మం వైపు చూశాడు.

“నాకు తెలుసులెండి. తిరిగొచ్చిన రోజే చూశాను. తిడదామని నోరు తెరిచానా, వెధవ తలనిండా సిమెంటు, కళ్ళు ఎర్రగా, ‘ఎలా ఉందక్కా’ అని నవ్వుతున్నాడు. బ్రహ్మాండంగా ఉందిరా అన్నాను.”

“నన్ను రావద్దని ఒక ఫోన్ చేయాల్సిందమ్మా.”

“ఇంకేదైనా పనికొస్తుందేమోనని చిన్న ఆశ. మీ కాళ్ళు అరిగినందుకు ఏమీ అనుకోకండి.”

ఆయన టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఇలాంటివి ఇదివరకూ చెప్పాడు, ఇకముందూ చెప్తాడు. “సిమెంటు వెయ్యకపోతే...” అని మొదలుపెట్టాడు.

పొయ్యి దగ్గర గ్లాసుల చప్పుడైంది. అక్క గబుక్కున దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“ఆ మాటే వద్దు. మీ కాగితంలో ఏం రాసుకుంటారో రాసుకోండి, వాడికి మాత్రం సిమెంటు వల్ల పోయిందని చెప్పకండి. జన్మంతా తాపీ పట్టుకోవాల్సినవాడు. అసలు ఇల్లే ఒట్టిది, మా నాయనమ్మ పనిలో అంత గొప్పేం లేదని చెప్పండి. ఆవిడేం అనుకోదు.”