రెండు వీధుల నడుమ నెట్టు కట్టిన పెదనాన్న

నరసరావుపేట ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను షాపులో గేటుకు వెల్డింగు పెడుతున్నాను. "నాన్న పోయాడన్నా" అన్నాడు పెదనాన్న కొడుకు. ఆయన మా ఊరి సర్పంచిగా, ఆ తర్వాత మండలాధ్యక్షుడిగా చేసిన మనిషి. ఊరికి ప్రెసిడెంటుగారు. పక్కింటివాణ్ణి గనక నాకు పెదనాన్న.

ఆయన చేసిన పని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అప్పట్లో ఊరు రెండు పార్టీలు. పై వీధి వాళ్ళు కింది వీధిలో నడిచేవారు కాదు. ఆ గొడవల్లోనే పై వీధిలో ఉండే పెదనాన్న తమ్ముణ్ణి కింది వీధివాడొకడు నరికి చంపాడు. నరికినవాడు శిక్ష ముగించుకుని కింది వీధికి తిరిగొచ్చాడు. ఇక పెదనాన్న ఊరుకోడని అందరం తలుపులు బిగించుకున్నాం.

ఆయన మాత్రం నా షాపుకొచ్చి రెండు ఇనప స్తంభాలు చేయమన్నాడు.

"ఎందుకు పెదనాన్నా?"

"వాలీబాల్ నెట్టుకి. రెండు వీధుల మధ్య జాగాలో పాతుదాం. నువ్వు ఏ పక్కా కాదు గదా, నాతో రా. ఒక ఇంటికి పోవాల."

తీసుకెళ్ళింది ఆ నరికినవాడి ఇంటికే. పెదనాన్న గడప బయటే నిలబడి, "మీవోణ్ణి ఆటకి పంపు. మీవోడు బంతి లేపితే మావోడు కొడతాడు. ఇద్దరూ ఒకే జట్టు" అన్నాడు.

అతను తలెత్తకుండానే అడిగాడు, "నీ తమ్ముణ్ణి మర్చిపోయావా?"

"మర్చిపోలా. మన పిల్లలకి ఆ గతి వద్దనే వచ్చా."

ఆ మాటన్నాక కూడా ఆయన అడుగు వెనక్కి పడలేదు. అంత గుండె మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో నాకిప్పటికీ తెలియదు.

పై వీధి ఆయన్ను పిరికివాడంది. తమ్ముడి భార్య ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. ఆయన ఎవరికీ బదులు చెప్పకుండా సున్నంతో గీతలు గీసుకున్నాడు. మొదటి ఆటకు ఊరంతా వచ్చింది, పంచెల్లో ఏమేం దాచుకుందో తెలియదు. బంతి గీత మీద పడ్డదా, బయటా అని కేకలు లేచాయి. తీరా చూస్తే రెండు జట్లలోనూ రెండు వీధుల పిల్లలూ ఉన్నారు. ఎవరి మీదికి దూకాలో ఎవరికీ పాలుపోలేదు. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది.

మండలాధ్యక్షుడయ్యాక కక్షలున్న ఊళ్ళన్నీ తిరిగి, జట్లు కలిపి ఆడాలన్న ఇదే నియమం పెట్టాడు. మాచర్ల నుంచి కూడా పిలుపులొచ్చేవి. వేదిక మీద కుర్చీ వేసినా దిగొచ్చి గీత పక్కన గొంతుక్కూర్చునేవాడు. "అవతల ఆడేవోడు లేకపోతే ఆట ఏందిరా?" అని పిల్లలకు చెప్పేవాడు.

మొన్న పాడెను కింది వీధి మీదుగా తీసుకెళ్ళాం. ఆ ఇంటి ముందుకు రాగానే, ఒకప్పుడు కత్తి పట్టిన ఆ మనిషి, ఇప్పుడు బాగా ముసలివాడు, చేతికర్ర అరుగుకు ఆనించి వచ్చి భుజం పెట్టాడు.

"నువ్వు మొయ్యలేవు నాన్నా" అని అతని కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు.

పాడె వీధి మలుపు తిరిగింది. కర్ర అక్కడే, ఖాళీ అరుగుకు ఆనుకుని ఉండిపోయింది.