మా నాన్న చెప్పిన మూడో అర్థం

ఎం.ఏ. ఇంగ్లిష్ పూర్తయిన ఏడాది గోదావరిఖనిలో ఒక ప్రైవేటు స్కూలుకు టీచరు ఇంటర్వ్యూకు వెళ్లాను. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన ‘డ్రెస్’ అనే క్రియకు మూడు అర్థాలు చెప్పమన్నారు.

“బట్టలు వేసుకోవడం, గాయానికి కట్టు కట్టడం, బొగ్గుబాయి పైకప్పులో వదులైన బండల్ని గడ్డపారతో రాల్చడం” అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. “బండలు రాల్చడం డ్రెస్సింగా? ఎవరు చెప్పారమ్మా నీకు?”

ఆయన పక్కన ఇంటర్వ్యూ చేస్తున్న ఇద్దరూ శ్రుతి కలిపారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. కానీ ఆ నవ్వు మా నాన్న మీద పడ్డట్టనిపించి ఒళ్లు మండింది. నాన్న బాయిలో డ్రెస్సర్. “మన మీద పడేదాన్ని ముందుగాల మనమే పడగొట్టి, కప్పు సక్కజేసుడే డ్రెస్సింగ్ బిడ్డా” అని నా చిన్నప్పుడే చెప్పాడు.

“మా నాన్న చెప్పారు సార్. రోజూ ఆ పనే చేస్తారు” అని, బల్ల మీదున్న లావుపాటి నిఘంటువు అడిగి తీసుకున్నాను. పేజీ వెతికి పైకే చదివాను. ‘డ్రెస్’ పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. దాని అర్థం సరిచేయడం, సిద్ధం చేయడం.

“ఒంటినైనా, పుండునైనా, కప్పునైనా సరిచేయడమే కదా సార్!”

పెద్దాయన నిఘంటువును తనవైపు తిప్పుకుని రెండుసార్లు చదివి, “సోమవారం నుంచి రామ్మా” అన్నారు.

షిఫ్టు దిగి వచ్చిన నాన్నకు అంతా చెప్పాను. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, “అంటే ఇన్నేండ్ల సంది నేను ఫ్రెంచి పని జేస్తున్ననా!” అని కాలరెగరేశాడు.

ఇప్పుడు నా తరగతిలో ఆ మాట వచ్చినప్పుడల్లా మూడో అర్థమే ముందు చెబుతాను.