పేరు రాయని చీటీ

ఈ రోజు రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెండ్లికి పోయినాను. ఆర్కెస్ట్రాలో సుగుణ పాడతా ఉండింది, గని కూలోళ్ల ఇండ్ల వరసలుండే మా మైనింగ్ లైన్ల పిల్ల. టీవీ పాటల పోటీలో గెలిచి నాలుగేండ్లయినా పెండ్లిండ్లే ఆమెకు దిక్కు. కండ్లు మూసుకొని మెల్లగా పాడతా ఉంటే, పేరు రాయకుండా చీటీ పంపించినాను: "నిద్రొస్తా ఉండాదమ్మా, డాన్స్ పాట పాడు."

చదివి, సగంలో ఆపేసి, డాన్స్ పాట ఎత్తుకొనింది. అందరితో నేనూ ఎగిరినాను.

భోజనాల కాడ పక్కకొచ్చి అడిగింది: "డాన్స్ పాట బాగుండిందా అన్నా? చీటీలో రాత చూస్తానే మీరని తెలిసింది. ఆ పొద్దు టీవీ పోటీలో నాకు ఓటెయ్యమని లైన్ల గోడల మీదంతా రాసింది మీరే కదా!"

నేను బోర్డులు రాసేవాణ్ణి. నా మొగానికి డాన్స్ పాటొకటి! ఆకు మడిచి లేచినాను.

ఆ సగంలో ఆపిన పాట మళ్లీ పాడమని ఏ మొగం పెట్టుకొని అడిగేది, మీరే చెప్పండప్పా.