మొదటి కాగితం మీదే బస్సు

డిపోలో ఆమెను అందరూ హారనక్క అంటారు. బస్సు హారన్ పాడైనా ఫరవాలేదు, ఆవిడ గొంతుంటే చాలని మెకానిక్ పెట్టిన పేరు. అలాంటి మనిషిని పట్టుకుని కలుపుగోలుతనం లేదు, కంగారు మనిషి, జీవితంలో సంతోషం తక్కువ అని తేల్చింది ఒక కాగితం. తేల్చి ఊరుకుందా? స్టీరింగ్ లాక్కుని చేతిలో నీళ్ల పైపు పెట్టింది. ఏళ్ల తరబడి తాను నడిపిన బస్సును ఇప్పుడు కడుగుతోంది.

సంగతేమిటంటే, డ్రైవర్ల మనసు బాగోగులు చూస్తామంటూ కొత్త మేనేజరు పది ప్రశ్నలు పంచిపెట్టాడు. బస్సు బయల్దేరబోయే ముందు, డ్రైవర్ సీట్లోనే కూర్చుని ఆమె టిక్కులు పెట్టింది. నలుగురితో మాటలు కలుపుతారా? లేదు. బండి నడుపుతూ కబుర్లేమిటి, నా మొహం! ఏదో జరుగుతుందని భయపడతారా? ఎప్పుడూ. మలుపులో ఎవరు అడ్డం వస్తారో అని భయం లేనివాళ్లు స్టీరింగ్ పట్టుకోవచ్చా? సంతోషంగా ఉన్నారా అని మాత్రం పదింట్లో ఒక్క ప్రశ్నా లేదు. మాట తక్కువ, భయం ఎక్కువ, కాబట్టి సంతోషం తక్కువని వాళ్లే లెక్కకట్టేశారు.

ఇంట్లో ఈ మాట చెబితే అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఆవిడకు కోపమొచ్చింది. "మా కోడలు మాట్లాడదా? ఆ మేనేజర్ని ఒక్కపూట మా ఇంట్లో ఉండమను." భర్త మాత్రం, మళ్లీ రాస్తానని అడిగి చూడమన్నాడు.

అడిగింది. మేనేజరు మంచివాడే, కాదనలేదు. అవే ప్రశ్నలు. ఈసారి క్యాంటీన్‌లో టీ తాగుతూ, ఇంట్లో తాను ఎలా ఉంటుందో అలా రాసి తెచ్చింది. మార్కులు కూడి చూసేసరికి అతని మొహం వెలిగిపోయింది. మహా కలుపుగోలు, చీకూ చింతా లేని మనిషి అంటూ బస్సు తాళం బల్ల మీద పెట్టాడు.

తీసుకుని గప్‌చుప్‌గా వెళ్లిపోవచ్చు. కిటికీ అవతల నుంచి మెకానిక్ అదే సైగ చేస్తున్నాడు. కానీ ఆమెకు ఒళ్లు మండిపోయింది. కాగితం ఏది చెబితే అదేనా తాను?

"రెండూ నేనే సార్," అంది. "కానీ ఈ రెండో కాగితంలో ఉన్నావిడకి దేనికీ భయం లేదు, నోరు మూతపడదు. ఆవిడ నడిపే బస్సు మీ అమ్మగారిని ఎక్కిస్తారా?"

మేనేజరు రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

"నేనైతే మా అత్తగారిని ఎక్కించను." రెండో కాగితాన్ని అతని వైపు తోసేసింది. "బస్సు ఇస్తే ఆ మొదటి కాగితం మీదే ఇవ్వండి. లేదంటే నా నీళ్ల పైపు నాకుంది."

తాళాన్ని ముట్టుకోలేదు. అక్కడి నుంచి కదలనూ లేదు.