ఎర్రముద్ర సీసాలు

ఆవిడ పెద్దాసుపత్రిలో ఊడ్చే ఆయమ్మ. పద్దెనిమిదేళ్ల సర్వీసు. అలాంటి మనిషి తమ్ముడికే అక్కడ సూదిమందు దొరకలేదు.

తమ్ముడు తాపీమేస్త్రి. పనికి వెళ్తుంటే కుక్క పిక్క పట్టుకుంది. ఆయమ్మ వాణ్ణి మూడు రోజులు వరసగా తీసుకొచ్చింది. మందుల స్టోరు గుమాస్తా మూడుసార్లూ తలెత్తకుండానే చెప్పాడు.

"టీకా అయిపోయింది. రేపు రండి."

బయట కొనే తాహతు లేదు. గాయం మానుతోంది కదా అని నాలుగో రోజు తమ్ముడు పనిలోకి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా, గ్లాసులో నీళ్లు చూసి వణికిపోతూ అక్క చేతుల్లోనే పోయాడు.

పొద్దుటిపూట ఆవిడ ఎదురువీధి క్లినిక్కు కూడా ఊడ్చేది. అది గుమాస్తా బావమరిదిది. ఓ రోజు అక్కడి చెత్తబుట్టలో ఖాళీ టీకా సీసాలు కనిపించాయి. ఆవిడకి చదువు రాదు గానీ, వాటి మీది ఎర్రముద్ర ఆసుపత్రిలో రోజూ చూసేదే. తెలిసిన నర్సుకి చూపించింది.

"కుక్కకాటు టీకావే. ప్రభుత్వ సరఫరా, అమ్మరాదు అనుంది. ఎక్కడివే ఇవి?"

ఆయమ్మ బాత్రూములు కడిగే యాసిడ్ సీసా పట్టుకుని తిన్నగా స్టోరు గుమ్మం దాకా వెళ్లింది. గుమాస్తా ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది. జాలి కలిగి కాదు, అలా పోస్తే అంతా ఒక్క నిమిషంలో అయిపోతుందని.

నాలుగు నెలలు ఎర్రముద్ర సీసాలు ఏరి దాచింది. గుమాస్తా ఎదురైతే నమస్కారం పెట్టింది. తనిఖీకి పై అధికారి వచ్చిన రోజు, పక్కకి జరగమన్నా జరగకుండా, సంచెడు సీసాలూ ఆయన బల్ల మీద పోసింది.

"దీనికి మతి లేదు సార్," అన్నాడు గుమాస్తా.

"ఉంది కాబట్టే ఇన్నాళ్లు ఆగాను," అంది ఆవిడ.

సీసాల మీది నంబర్లు స్టోరు రికార్డుతో సరిపోయాయి. క్లినిక్కు సీలు పడింది. బెయిలు మీద బయటికొచ్చిన గుమాస్తా ఆవిడ ఇంటికొచ్చి చేతులు జోడించాడు.

"పిల్లలున్నారమ్మా, కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పకు."

"రేపు రా," అనలేదావిడ. మొహం మీదే తలుపేసింది.

కోర్టు వాయిదా ఉన్నప్పుడల్లా సెలవు పెట్టి, అతనికి కనబడేలా ముందు బెంచీలో కూర్చుంది. మూడేళ్ల శిక్ష పడింది. ఇకనైనా మనసు చల్లారిందా అని నర్సు అడిగితే, "ఎప్పుడు విడిచిపెడతారో తారీఖు కనుక్కుని చెప్పమ్మా," అంది.