ఎంగిలి ప్లేట్లలో చర్చి గడియారం

మొన్న పొద్దున వదిన నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. కింద ఒక్క మాటా రాయలేదు. తెరిచి చూస్తే రంగురంగుల ఆహ్వానం. గడియారాలు బాగుచేసేవాళ్లకు నైపుణ్య శిక్షణ శిబిరమట, హన్మకొండలో, కొన్నేళ్ల కిందట మేం పోయిన అదే ఫంక్షన్ హాల్లో. పైన దండలు వేసుకున్న ముఖాలు వరుసగా ఉన్నాయి. నడిమధ్య ఉన్న ముఖం వాచీలవాళ్ల అసోసియేషన్ అధ్యక్షుడిది. మీసానికి ఈసారి రంగు కాస్త ఎక్కువైంది. తింటున్న ఉప్మా పక్కకు జరిపేశాను. నేను సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. చీము, నెత్తురు, వాంతులు, ఇవేవీ ఏనాడూ నా తిండికి అడ్డు రాలేదు. డ్యూటీలో ఒక చేత్తో పుండు కట్టి, చేతులు కడుక్కుని, అక్కడే డబ్బా విప్పి తిన్న రోజులు ఎన్నో. అలాంటి దాన్ని, ఆ ముఖం చూశాక మళ్లీ ఆ ఉప్మా ముట్టలేదు.

వదిన అంటే మా అన్న భార్య. ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద అన్నకు చిన్న వాచీల దుకాణం ఉంది. మిర్చి సీజన్ వస్తే ఆ రోడ్డంతా ఘాటే. దుకాణంలో ఎవరికి తుమ్ము వచ్చినా అన్న "ఆగుండ్రి!" అని కేకేసి, ముందున్న స్క్రూల గిన్నె మీద అరచేయి బోర్లించేవాడు. ఒక్క తుమ్ముకు ఒక వాచీ ప్రాణం గాల్లో కలిసిపోతుందని ఆయన భయం. షుగరుతో అన్న చూపు పోయాక ఆ కుర్చీలో వదిన కూర్చుంది. పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్న పని. సెల్లు మార్చడం, బెల్టు వేయడం, చేతి వాచీ విప్పి శుభ్రం చేయడం అన్నీ వచ్చు. రానిదల్లా గంట కొట్టే గోడ గడియారం. అది అన్నకూ రాదు, ఎవరైనా తెస్తే వేరే దుకాణం చూపించేవాడు. ఆ మాట అనడం వదినకు నామోషీ.

"పిల్లా, ఎన్నొద్దులని రాదు రాదని పంపియ్యాలె? ఎవరన్న నేర్పితే నేర్చుకోనా?" అనేది. నాకు అరవై దాటినా ఆమెకు నేను పిల్లనే.

అలాంటి సమయంలో వచ్చింది ఆ మొదటి శిబిరం కబురు. కొన్నేళ్ల కిందటి మాట. పాడైన గోడ గడియారాలు ఉంటే వెంట తెచ్చుకోండి, అందరి ముందూ విప్పి చూపించి నేర్పిస్తాం అని అందులో రాశారు. వదిన ముఖం వెలిగిపోయింది. మా చర్చిలో బలిపీఠం పక్క గోడకు ఒక పాత గడియారం ఉంది. ఎప్పటి పెద్దలో ఇచ్చినది. కొంతకాలంగా దానికి మతి తప్పింది. మూడింటికి పదకొండు కొట్టేది. పాస్టర్ గారిని అడిగితే సరేనన్నారు. చర్చి పెద్ద ఒకాయన మాత్రం, "ఆడామె చేతికి చర్చి గడియారమా? రేపు ఖరాబైతే ఎవల్ని అడగాలె?" అన్నాడు. పాస్టర్ గారు నవ్వి, "నన్నే అడుగుండ్రి" అన్నారు. పాత దుప్పటిలో చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టి, ఆటోలో ఒడిలో పెట్టుకుని తీసుకుపోయింది వదిన. తోడుగా నేను.

పొద్దున్నే పోయాం. ముఖ్య అతిథి రాలేదని ఎండ నెత్తికెక్కేదాకా కూర్చోబెట్టారు. గడియారాలవాళ్ల సభకు వచ్చిన పెద్దమనిషి అంత ఆలస్యంగా వచ్చి, మైకు పట్టుకుని కాలం విలువ గురించి మాట్లాడాడు. నాకు నవ్వొచ్చింది గానీ పక్కన వదిన చేతిలో కాగితం, పెన్ను పట్టుకుని ఏదైనా పనికొచ్చే ముక్క వస్తుందేమోనని వింటోంది. హాలు నిండా మగవాళ్లే. అధ్యక్షుడు మా దగ్గరికి వచ్చి, "అక్కా, లేడీసంటే మీరే ఉన్నరు. జర శాలువల పళ్లెం పట్టుకోండ్రి, ఫోటోలల్ల మంచిగుంటది" అన్నాడు. వదిన కాగితం నాకిచ్చి లేచింది. వేదిక మీద ఎవరు ఎవరికి కప్పుతున్నారో తెలియనన్ని శాలువలు. ఒకడు కప్పించుకుని పక్కవాడికి కప్పాడు. ఆమె పళ్లెం పట్టుకుని అలా నిలబడే ఉంది. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి.

తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన శిక్షకుడు లేచాడు. కోటు వేసుకున్నాడు. ఫోనులా పనిచేసే చేతి గడియారాలు ఎలా అమ్మాలో చాలాసేపు చెప్పాడు. చివరికి మరిపెడ నుంచి వచ్చిన, వాచీలు బాగుచేసే ఒక తమ్ముడు లేచి, "సార్, విప్పి చూపిస్తమన్నరు గదా" అని గట్టిగా అడిగితే, మా గడియారాన్ని బల్ల మీదికి తెప్పించాడు. చకచకా విప్పాడు. ఏది ఎందుకు విప్పుతున్నాడో ఒక్క మాట చెప్పలేదు. చక్రాలు, సుత్తి, స్క్రూలు అన్నీ ఒక కాగితం ప్లేటులో పోశాడు. సరిగ్గా అప్పుడే మైకులో భోజనాలన్నారు. "మిగతాది తిన్నాక" అని కోటు సర్దుకుని పోయాడు.

వదిన ప్లేటు దగ్గరే నిలబడింది. అధ్యక్షుడు వదలలేదు. "ఇది ఎటు పోతది అక్కా? ఫికర్ చెయ్యకుండ్రి. పెద్ద సార్లకు జర వడ్డియ్యుండ్రి" అని పిలిచాడు. ఆమె బిర్యానీ గిన్నె పట్టుకుంది. నేను పెరుగన్నం వరుసలో నిలబడ్డాను. మేం తిరిగి వచ్చేసరికి బల్ల బోసిగా, తుడిచి ఉంది. ఖాళీ చెక్కపెట్టె కింద పడి ఉంది. బల్లలు చాలక కొందరు అదే బల్ల మీద తిన్నారట. తిన్నాక పనివాళ్లు, బల్ల మీద పరిచిన కాగితాన్ని ఎంగిలి ప్లేట్లతో సహా చాపలా చుట్టి తీసుకుపోయారట.

హాలు వెనక నీలం డ్రమ్ములు. ఎండలో మగ్గిన మసాలా, పులిసిన పెరుగు, నమిలి ఊసిన ముక్కలు, ముక్కు చీదిన టిష్యూలు. ఈగలు ముఖం మీద వాలుతున్నాయి. రెండు కుక్కలు మమ్మల్ని చూసి గుర్రుమన్నాయి. వదిన కొంగు నడుముకు చుట్టి మోచేతుల దాకా చేతులు పెట్టింది. నేనూ పెట్టాను. ఏది మెత్తగా తగిలినా ఒళ్లు జలదరించింది. గట్టిగా తగిలితే ఆశ. తీసి చూస్తే ఎముక. దవాఖానలో మనిషి ఒంట్లోంచి ఏం వచ్చినా, పాపం రోగం అనుకుని తుడిచేదాన్ని. ఇక్కడ ఏం అనుకోవాలి? వీళ్లకు ఏ రోగం ఉందని? మరిపెడ తమ్ముడు ఒక్కడే చొక్కా చేతులు మడిచి వచ్చాడు. ఒక్కొక్క చక్రం దొరికింది, సుత్తి దొరికింది. శిక్షకుడు కిళ్లీ నములుతూ తలుపు దాకా వచ్చి ముక్కు మూసుకున్నాడు.

"లైట్ తీసుకోండి మేడం. ఈ రోజుల్లో కీ ఎవరిస్తారండీ? లోపల సెల్లు మెషిన్ పెట్టేయండి, ఎవరికీ తెలీదు."

వదిన ఇంకో ఎంగిలి ప్లేటు తిరగేసింది. లోపల మైకులో ఆమె పేరు వినిపించింది. సర్టిఫికెట్ అట! అప్పుడు లేచింది. చేతులకు మసాలా కారుతుండగా అలాగే వేదిక ఎక్కింది. అధ్యక్షుడు రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఏందక్కా ఇది? చేతులు కడుక్కొని రావద్దా?"

"కడుక్కుందమంటే మీ నల్లాల నీళ్లు వస్తలెవ్వన్నా. అయినా ఇది నా మురికి గాదు. మీరు తిని ఇడిసిన ఎంగిలి. మా చర్చి గడియారాన్ని మీ ఎంగిలిలకెల్లి ఏరుకుంటున్న."

ఎవరైనా లేస్తారని చూశాను. అందరూ చేతిలోని ఐస్‌క్రీం కప్పుల్లోకి చూస్తున్నారు. అధ్యక్షుడు మైకు పట్టుకున్నవాడి వైపు తిరిగి, "తరువాత పేరు చదువుండ్రి" అన్నాడు. తరువాతివాడు వదినకు చేయి తగలకుండా పక్కనుంచి వచ్చి, నవ్వుతూ సర్టిఫికెట్ తీసుకున్నాడు. నాకు అన్నిటికంటే రోత పుట్టింది ఆ నవ్వుకే. వారం తిరక్కముందే వదిన శాలువల పళ్లెం పట్టుకున్న ఫోటో అందరి ఫోన్లలో తిరిగింది. కింద 'మహిళలకూ మెళకువలు నేర్పాం' అని రాశారు.

అన్నీ దొరికాయి గానీ ఒక్కటి దొరకలేదు. అంచున ఎడమెడంగా గాట్లున్న ఇత్తడి చక్రం అది. ఏ వేళకు ఎన్ని గంటలు కొట్టాలో గడియారానికి చెప్పేది అదే. వదిన పాస్టర్ గారి ముందు నిలబడి జరిగినదంతా చెప్పింది. చర్చి పెద్ద, "నేను జెప్పలేదా" అన్నాడు. పాస్టర్ గారు ఆయన్ని ఆగమని, "గంట కొట్టకున్నా టైమైతే చూపిస్తది గదమ్మా, పెట్టు" అన్నారు. గడియారం మూగగా గోడెక్కింది. ప్రతి ఆదివారం వదిన దాని కింద కాకుండా దూరంగా, స్తంభం చాటున కూర్చునేది.

పాస్టర్ గారిని అడిగి సోమవారం దాన్ని దుకాణానికి తెచ్చి, ఆదివారానికి మళ్లీ గోడకు పెట్టేది. మంగళవారాలు మరిపెడ తమ్ముడు బస్సెక్కి వచ్చేవాడు. వాడికీ ఆ పని రాదు. ఇద్దరూ ఇత్తడి రేకు కోసి, గాట్లు పెట్టి, పాడుచేసి, మళ్లీ కోసేవారు. అన్న తల వంచి చెవి ఒగ్గి, "ఒకటి ఎక్కువ కొట్టింది" అని చెప్పేవాడు. తెలిసిన ఇంకో ఇద్దరు ముగ్గురు వాచీలవాళ్లు చేరారు. వేదిక లేదు, మైకు లేదు, ఎవరికి రానిది వాళ్లు చెప్పుకుని కలిసి తంటాలు పడేవారు. ఒకసారి బాగైందని చర్చిలో పెడితే, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుండగా మొదలుపెట్టి, స్ప్రింగు అయిపోయేదాకా కొడుతూనే ఉంది. పిల్లలు పకపకా నవ్వారు. పాస్టర్ గారూ ఆపుకోలేకపోయారు.

ఆ తర్వాత ఒక ఆదివారం పన్నెండయింది. ప్రసంగం మధ్యలో గంట మొదలైంది. పాస్టర్ గారు ఆగారు. చర్చంతా లోలోపల లెక్కపెడుతోంది. పన్నెండు కొట్టి ఆగింది. ఇంకోటి కొడుతుందేమోనని ఊపిరి బిగబట్టాం. కొట్టలేదు. ముందు వరుసలో ఉన్న చర్చి పెద్ద వెనక్కి తిరిగి వదిన కోసం వెతికాడు. కనిపించాక తలాడించాడు. వదిన కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, "పిల్లా, ఇంకా వాసనొస్తాంది గదా?" అని గుసగుసగా అడిగింది.

లేదని చెప్పాను. అబద్ధం కాదు, ఆమె చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి. కానీ ఆమె అడిగిన వాసన నాకూ వచ్చింది. ఆ మనుషుల మీద కోపం ఏడాది తిరిగేసరికి పాతబడిపోయింది. రోత మాత్రం ఇన్నేళ్లయినా ఒక్క రోజు కూడా వయసు పెరగకుండా అలాగే ఉంది.