ఒక్కముక్క ‘అలాగేనండి’

రాజమండ్రిలో నేను స్కూల్లో లెక్కలు చెబుతున్న రోజుల్లో, సాయంత్రం తిన్నగా ఇంటికి పోకుండా దారిలో ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో దూరేదాన్ని. పెరటి మొక్కలు పెంచేవాళ్ళ కోసం ఒక ఈమెయిల్ గ్రూపు పెట్టాం, నేనూ, ధవళేశ్వరం కాలవల ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయనా. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. మాకు జీతమూ లేదు, భత్యమూ లేదు. గ్రూపుకి ఇంటర్నెట్లో చోటు మాత్రం ఏదో పెద్ద కంపెనీ ఊరికే ఇచ్చింది.

కరివేపాకు ఎదగట్లేదని ఎవరైనా రాస్తే, పుల్లమజ్జిగ పొయ్యమని బాబాయిగారు జవాబిచ్చేవారు. దాని వెనకాలే “బాగా చెప్పారండి”, “మేమూ పోస్తామండి”, “భోజనాలయ్యాయా అండి” అంటూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వరద. చదవలేక చచ్చేదాన్ని, చదవకుండానూ ఉండలేకపోయేదాన్ని.

కొన్నాళ్ళకి కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ప్రకటనల మీద వచ్చే డబ్బు చాలట్లేదట. ఊరికే వాడుకునేవాళ్ళకి చోటు తగ్గిస్తారట, నిండితే పాత ఉత్తరాలు వాటంతటవే చెరిగిపోతాయట. బాబాయిగారు ఓపిగ్గా ఒక్కో మొక్క గురించీ రాసిన జవాబులన్నీ ఆ పాతవాటిలోనే ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. ఇకమీదట ఒక్కముక్క ఉత్తరాలు వద్దు, పనుంటేనే రాయండి అని వెంటనే గ్రూపుకి రాశాను.

అందరూ విడివిడిగా జవాబిచ్చారు. “అలాగేనండి.” “తప్పకుండానండి.” “మీరు చెప్పాక ఇంకేముందండి.” ఆ దెబ్బకి పాత ఉత్తరాలు బోలెడు ఎగిరిపోయాయి. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అందరినీ కలిపి దులిపేశాను.

దాంతో గ్రూపు మూగపోయింది. మొక్క ఎండిపోతోందని కూడా ఎవరూ అడగలేదు. చివరికి బాబాయిగారే స్కూలుకి ఫోన్ చేశారు.

“పలకరించకుండా పని అడగాలంటే మనవాళ్ళకి నోరెలా వస్తుందమ్మా? ఆ రూలు తీసెయ్యి.”

“మీ జవాబులన్నీ పోతాయి కదండీ!”

“పోతే మళ్ళీ అడుగుతారు, మళ్ళీ చెబుతాను. నాకు మాత్రం ఇంకేం పనుందమ్మా?”

రూలు తీసేశాను. మర్నాడే “భోజనాలయ్యాయా అండి” అని వచ్చింది. దాని కిందే, మల్లెతీగ మొగ్గ తొడగట్లేదండీ అని. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇంకొన్నేళ్ళకి, గిట్టుబాటు కావట్లేదని కంపెనీ ఆ గ్రూపులన్నీ మూసేసింది. చివరిరోజు ఎవరూ సెలవనలేదు. గడప దాటేవాళ్ళు వెళ్తాననరు కదా, వెళ్ళొస్తానంటారు. అందరూ అదే రాశారు, “వెళ్ళొస్తామండి” అని. బాబాయిగారూ అదే రాశారు. గ్రూపు పెట్టినదాన్ని, సాగనంపాల్సింది నేనే. “మంచిదండి, వెళ్ళి రండి” అని కొట్టి పంపాను. అప్పటికే మూసేసినట్టున్నారు, అలాంటి గ్రూపు లేదని నా ఉత్తరం తిరిగొచ్చేసింది.

వెళ్ళొస్తామన్నవాళ్ళని మళ్ళీ రమ్మనకుండా పంపడమేమిటి? ఏడుపొచ్చింది. అడ్రసులన్నీ వెతుక్కుని, ఒక్కొక్కరికీ విడిగా ఆ మాటే పంపాను.

మర్నాడు తెరిస్తే నా మెయిల్ నిండా జవాబులు. “అలాగేనండి.” “అలాగేనండి.” బాబాయిగారిది “అలాగేనమ్మా.” అన్నీ ఒక్కముక్క ఉత్తరాలే. అన్నీ చదివాను, ఒక్కటీ చెరపలేదు.